పప్పుధాన్యములు - ఆకలి - రక్తమందలి చక్కెర

ఒక పూట అన్నమును, మరియొక పూట ఉడికించిన సెనగలను, రెండింటిలోను పిండిపదార్థము సమానముగా ఉండునట్లు తూచి తిన్నచో, రక్తమందలి చక్కెర రెండు పూటలును ఒకే విధముగా పెరుగునని వైద్యులు చాలకాలము నమ్మిరి. ఈ నమ్మకము నిరాధారమైనది కాదు. పిండిపదార్థము ఏ గింజలోనిదైనను కడపట గ్లూకోజుగా మారవలసినదే కదా!

1921లో టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు మున్నగువారు ఇన్సులినును వెలికిదీసిన పిమ్మట మధుమేహ రోగులు దీర్ఘకాలము జీవింపగలిగిరి. ఇక వారు ప్రతిదినము ఏమి తినవలెను, ఎంత తినవలెను అను లెక్క అవసరమయ్యెను. 1950లో అమెరికాలో వెలువడిన ఆహార మార్పిడి పట్టికలు ఈ అవసరమును తీర్చినవి. ఒక రొట్టెముక్కకు బదులు ఇంత అన్నము, ఇంత బంగాళాదుంప లేక ఇన్ని ఉడికించిన చిక్కుడు గింజలు తినవచ్చునని వానియందు వ్రాసియుండెను. లెక్క సులభముగానే ఉన్నది. కాని శరీరము దానిని ఒప్పుకొనునా అని రోగికి తినిపించి చూచినవారు తక్కువ. 1970 తరువాతి దశకములో అమెరికాలోని స్టాన్‌ఫర్డులో క్రాపో, రీవెన్ మున్నగువారు అట్లు చూచి, బంగాళాదుంప చక్కెరను దాదాపు గ్లూకోజువలెనే పెంచుననియు, అన్నము అంతగా పెంచదనియు కనుగొనిరి. అప్పుడు పట్టికలపై అనుమానము కలిగెను.

ఇంతలో ఇంగ్లండులో డేవిడ్ జెంకిన్స్ అను వైద్యుడు మరియొక దారిన ఈ విషయమునకే వచ్చెను. ఆయన మొదట పరీక్షించినది మన గోరుచిక్కుడే. తెలంగాణమున దీనిని గోకరకాయ అందురు. దీని గింజలనుండి తీసిన జిగురును భోజనములో కలిపినచో మధుమేహ రోగులకు చక్కెర అంతగా పెరుగలేదని 1976లో ఆయన బృందము ప్రకటించెను. ఆ జిగురు జీర్ణము కాని పీచు. అయితే పీచులన్నియు ఇట్లే పనిచేయునా? 1978లో వేర్వేరు పీచులను గ్లూకోజు పానకములో కలిపి ఇచ్చి చూచిరి. చిక్కగా సాగు జిగురులే బాగుగా పనిచేసెను. వానిలో గోరుచిక్కుడు జిగురుదే పైచేయి. ఆ జిగురునే రసాయనికముగా విరిచి, పలుచబరచి ఇచ్చినపుడు ఫలితము మాయమయ్యెను. అనగా ఇచట పనిచేసినది చిక్కదనము. చిక్కని ద్రవము జీర్ణాశయమునుండి మెల్లగా దిగును. అందలి గ్లూకోజు ప్రేవు గోడను చేరుటయు ఆలస్యమగును.

జిగురు సరే, గింజల మాటేమి? 1980లో ఎనిమిది రకముల ఎండుగింజలను 24 ఇతర ఆహారములతో పోల్చిరి. ప్రతి దానిలోను పిండిపదార్థము 50 గ్రాములే. గింజలు తిన్నవారిలో చక్కెర పెరుగుదల ఇతరులకంటె కనీసము 45 శాతము తక్కువ. మరుసటి సంవత్సరము టొరాంటోనుండి, అనగా ఇన్సులిను పుట్టిన ఊరినుండియే, జెంకిన్స్, వోలివర్ మున్నగువారు 62 ఆహారములకు ‘గ్లైసీమిక్ సూచిక’ను ప్రకటించిరి. గ్లూకోజుకు 100 అనుకొన్నచో తెల్ల రొట్టెకు 69, ముడి గోధుమ రొట్టెకు 72, సెనగలకు 36, మసూరలకు 29, సోయాగింజలకు 15 వచ్చెను.

ఈ అంకెలలో ఒక చిక్కు ఉన్నది. పీచు ఎక్కువగా ఉన్న ముడి గోధుమ రొట్టె తెల్ల రొట్టెకంటె ఏమాత్రమును మేలుగా లేదు! ఆ 62 ఆహారములలో పీచు పరిమాణమునకును చక్కెర పెరుగుదలకును సంబంధము కనబడలేదు. మాంసకృత్తులు ఎక్కువైన కొలది పెరుగుదల తగ్గినట్లు మాత్రము కనబడెను. కాని రెండు విషయములు జతగా కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. జవాబునకు గింజ లోపల చూడవలసి వచ్చెను.

పప్పుబద్దను సూక్ష్మదర్శినితో చూచినచో దళసరి గోడలు గల కణములు కనబడును. ఒక్కొక్క కణములో పిండిరేణువులు మాంసకృత్తుల నడుమ పొదిగి ఉండును. పప్పును ఉడికించినపుడు కణములు ఒకదానినుండి ఒకటి విడిపోవును గాని వాని గోడలు చాలవరకు పగులవు. జీర్ణరసములు ఆ గోడలను దాటి మెల్లమెల్లగా లోనికి చొరబడవలెను. 1986లో స్విట్జర్లండులో వూర్ష్ మున్నగువారు దీనినే విశదపరచిరి. మసూరలను ఉడికించిన పిమ్మట మెత్తగా రుబ్బినను, గంటసేపు ఉడికించినను పెద్ద మార్పు రాలేదని 1982లో టొరాంటోవారు చూచిన వింతకు ఇది సరిపోవుచున్నది. కావున పీచు ఎన్ని గ్రాములున్నదను దానికంటె అది గోడగా నిలిచి ఉన్నదా లేదా అనునది ముఖ్యము. మన వంటింటి మాటలలో చెప్పవలెనన్న, గుగ్గిళ్ళలోను, ఉడికిన తరువాత మెదిపిన ముద్దపప్పులోను గోడలు మిగిలి ఉండును. పచ్చి గింజనే మరలో పట్టించిన సెనగపిండిలో చాలవరకు పగిలిపోవును.

1982లోనే జరిగిన మరియొక ప్రయోగము మిక్కిలి ముచ్చటైనది. ఏడుగురు ఆరోగ్యవంతులకు ఉదయము ఒకనాడు మసూరలను, మరియొకనాడు రొట్టెను ఇచ్చిరి. మసూరలు తిన్ననాడు చక్కెర పెరుగుదల 71 శాతము తగ్గెను. అది సరే, నాలుగు గంటల తరువాత రెండు దినములును ఒకే విధమైన భోజనము పెట్టగా, మసూరలు తిన్ననాడు ఆ భోజనము వలన కలిగిన పెరుగుదల కూడ 38 శాతము తగ్గెను. అప్పుడు ఉదయపు రొట్టెనే నాలుగు గంటలపాటు కొంచెము కొంచెముగా తినిపించిరి. ఫలితము మసూరలవలెనే వచ్చెను! ఉదయపు రొట్టెను నాలుగవ వంతుకు తగ్గించి పెట్టినపుడు మాత్రము మధ్యాహ్నపు చక్కెర మునుపటికంటె ఎక్కువగా పెరిగెను. ఉదయము అర్ధాకలితో ఉండుట మేలనుకొను రోగులు ఈ ఫలితమును గమనింపదగును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో శర్మ, రఘురామ్ మున్నగువారు మెంతులను పరీక్షించిరి. మెంతులును చిక్కుడు కుటుంబములోనివే. వానిలోని జిగురు గోరుచిక్కుడు జిగురు జాతిదే. 1990లో వారు ప్రకటించిన ప్రయోగములో ఇన్సులినుపై ఆధారపడిన రోగులకు పది దినములపాటు, కొవ్వు తీసిన మెంతిపిండిని దినమునకు 100 గ్రాముల చొప్పున రెండు భోజనములలో కలిపి పెట్టిరి. మూత్రములో పోవు చక్కెర 54 శాతము తగ్గెను. పోపులో చిటికెడు మెంతులు వేసికొని ఇట్టి ఫలితమును ఆశింపరాదు. వీనిని నమ్మి ఇన్సులినును మానుటయు ప్రమాదకరము.

ఆకలి సంగతి ఇంకను చిక్కైనది. మాంసకృత్తులు, కొవ్వు ప్రేవులను చేరినపుడు కొలిసిస్టోకైనిన్ అను హార్మోను వెలువడును. 1928లో దీనికి పేరు పెట్టిన ఐవీ, ఓల్డ్‌బర్గులు దీనిని పిత్తాశయమును ముడుచునదిగానే ఎరుగుదురు. ఇది ఆహారమును తగ్గించుననుట 1973లో ఎలుకలలో తేలెను. జీర్ణముకాక పెద్దప్రేవును చేరిన భాగమును అచటి సూక్ష్మజీవులు పులియబెట్టి చిన్న ఆమ్లములుగా మార్చును. సెనగలు తిన్న రాత్రి కడుపుబ్బరము ఈ పనివలననే.

ఇన్ని ఏర్పాట్లున్నను మనుష్యులు నిజముగా తక్కువ తిందురా? తొమ్మిది ప్రయోగములను కలిపి 2014లో లెక్కించినపుడు, పప్పుధాన్యములు తిన్నవారిలో కడుపు నిండిన భావము 31 శాతము ఎక్కువగా ఉండెను. కాని తరువాతి భోజనములో వారు తిన్నది చెప్పదగినంతగా తగ్గలేదు. 2016లో 21 ప్రయోగములను పరిశీలించినవారు, ఆహారమును తగ్గింపుడని ప్రత్యేకముగా చెప్పకున్నను, సుమారు ఆరు వారములలో పప్పుధాన్యములు తిన్నవారి బరువు ఇతరులకంటె సగటున 340 గ్రాములు తగ్గెనని తేల్చిరి.