తలకు వెల కట్టిన పేకాట

పండుగ సంచికలో పేకాట ప్రసక్తి ఏమిటని పెద్దలు కోపగించుకోవద్దని ముందుగా మనవి. ఉగాది నాడు తీపితోపాటు చేదును కూడా నోట వేసుకొనుట మన ఆచారమే కదా! తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాలలో ఉద్యోగరీత్యా కాపురముంటున్న మన కుటుంబాలలో గత కొన్నేళ్ళుగా ఒక వాదన నడుస్తున్నది. సెల్‌ఫోనులో పోకరు ఆడిన కుర్రవాళ్ళు "ఇది అదృష్టం కాదు నాన్నా, లెక్క" అంటారు. "ఏ లెక్కయినా జూదం జూదమే" అంటారు తండ్రులు. ఈ రెండు మాటలకూ వెనుక చాలా చరిత్ర ఉన్నది. దానిని మన సోదర సోదరీమణుల ముందుంచుటే ఈ వ్యాసం ఉద్దేశం.

మన జాతికి పందెం కొత్త కాదు. పాచికల మీద రాజ్యం పోగొట్టుకొన్న ధర్మరాజు కథ పసిపిల్లలకు సైతం తెలుసు. పల్నాటి కథలో కోడిపందెం ఓడిన పక్షానికి ఏడేళ్ళ వనవాసం ప్రాప్తించింది. పేక మాత్రం తరువాత వచ్చినది. 1527లో బాబరు చక్రవర్తి సింధు ప్రాంతపు ప్రభువుకు గంజీఫా పేకను పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. గుండ్రని ఆ ముక్కలను తెలుగునాట నిర్మల చిత్రకారులు కూడా రంగులు వేసి తయారుచేశారు. దశావతారాల గంజీఫాలో పది రంగులు, నూట ఇరవై ముక్కలు. ఇంగ్లీషువారి ఏబది రెండు ముక్కలు వచ్చిన తరువాత అవి క్రమంగా మూలబడినవి. ఆసు, రాజు, రాణి, గులాము మన అరుగుల మీదికి చేరి, రమ్మీ మన ఇంటి ఆట అయినది.

పోకరు పుట్టినది అమెరికాలో, 19వ శతాబ్దపు తొలినాళ్ళలో మిసిసిపీ నది ప్రాంతాన. 1970లో లాస్ వేగాస్ నగరంలో దీనికి ప్రపంచ పోటీలు ఆరంభమైనవి. 1998లో ఇంటర్నెట్టు మీద డబ్బు పందెంతో ఈ ఆట మొదలైనది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే లెక్కల ఉద్యోగి, కొద్ది డాలర్లతో ఇంటర్నెట్టు పోటీలో ప్రవేశం గెలుచుకొని, ఆపైన ప్రపంచ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. లోకంలో గుమాస్తాలందరికీ ఆశ పుట్టించుటకు అంతకన్న ఏమి కావాలి?

ఇక "బౌంటీ" పోటీ సంగతి. పూర్వం ప్రభుత్వాలు బందిపోటు తలకు వెల కట్టేవి. ఈ పోటీలో ప్రతి ఆటగాని తలకూ వెల ఉంటుంది. ఉదాహరణకు, ప్రవేశ రుసుము వేయి రూపాయలనుకొందాం. అందులో 500 చివరి బహుమతులకు పోతుంది; తక్కిన 500 ఆ ఆటగాని తల వెల. అతని బిళ్ళలన్నీ గెలిచి పోటీనుండి వెళ్ళగొట్టినవారికి, పెరుగుతూ పోయే పద్ధతిలో, సగం, అనగా 250 రూపాయలు, వెంటనే చేతికి వస్తుంది. మిగతా 250 గెలిచినవాని తల మీదికి చేరుతుంది. అనగా ఎంతమందిని పడగొడితే మన తల అంత ఖరీదవుతుంది.

కుర్రవాళ్ళు చెప్పే లెక్క ఇట్లుంటుంది. మొదట ఒక్కొక్కరికి 10,000 బిళ్ళలు. బహుమతుల వాటా 500 రూపాయలు గనుక, ఆరంభంలో రూపాయికి 20 బిళ్ళలు. చేతికి వచ్చే 250 రూపాయలు 5,000 బిళ్ళలతో సమానం. మధ్యలో 1,500 బిళ్ళలున్నవి. ఎదుటివాడు తన 8,000 బిళ్ళలూ ఒడ్డినాడు. మనవద్ద 12,000 ఉన్నవి. మామూలు పోటీలో 17,500 కొరకు 8,000 పెట్టాలి. నూటికి 46 పాళ్ళు గెలిచే అవకాశం ఉంటే గాని దిగరాదు. తల వెల కలిపితే 22,500 కొరకు 8,000 అవుతుంది. నూటికి 36 పాళ్ళున్నా దిగవచ్చు. కాని మనవద్ద 6,000 మాత్రమే ఉంటే? గెలిచినా ఎదుటివానికి 2,000 మిగులుతుంది, తల మనకు దక్కదు. అప్పుడు 13,500 కొరకు 6,000. నూటికి 44 పాళ్ళు కావాలి. కనుక మొదటి సూత్రం: మనకన్న తక్కువ బిళ్ళలున్నవాని తలకే మనకు వెల.

రెండవది: మనకన్న ఎక్కువ బిళ్ళలున్నవాడు మన తలకోసం తేలికగా దిగుతాడు. అట్టివాని ముందు బుకాయింపు తగ్గించాలి. మంచి ముక్కలు పడినప్పుడు మాత్రం పందెం పెంచాలి. మూడవది: ఆట ముదిరినకొద్దీ చూడకుండా పెట్టే బ్లైండు పందాలు పెరుగుతవి. మొదట్లో పెద్దదిగా కనిపించిన 250 రూపాయలు అప్పటి పందాల ముందు చిన్నదవుతుంది. నాల్గవది: చివరి బల్ల దగ్గర ఒక్కొక్క మెట్టుకు బహుమతి పెరుగుతుంది గనుక, తల మీది ఆశతో మన స్థానాన్ని పోగొట్టుకోరాదు. ఇందులో నేర్పు లేదనుట న్యాయం కాదు. కుర్రవాళ్ళ మాట అంతవరకు నిజమే.

అయితే నేర్పు ఒక్కటే ప్రశ్న కాదని మన సుప్రీంకోర్టు ఎన్నడో చెప్పినది. సికింద్రాబాదు క్లబ్బు ఒకదానిలో జరిగిన రమ్మీ ఆట మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో, 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు వ్రాశారు. మూడు ముక్కలాట కేవలం అదృష్టమనీ, రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని, ఏది ఉంచాలో ఏది పారవేయాలో తెలుసుకోవాలి గనుక అది ప్రధానంగా నేర్పుతో కూడినదనీ అన్నారు. ఈ సగం అందరికీ నోటికి వచ్చు. రెండవ సగం ఏమనగా, ఆట నడిపే ఇంటివాడు పందెపు ఆటమీద లాభం తీస్తుంటే నేరం కావచ్చునని. ఆ క్లబ్బు తీసుకొన్న స్వల్ప రుసుమును మాత్రం కోర్టు అట్టి లాభంగా ఎంచలేదు.

ఈ తగాదా మన ఊళ్ళ సరిహద్దులో వింత రూపం దాల్చింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ మధ్యవర్తిత్వం మీద, 1959 నాటి చట్టప్రకారం, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామాలు కొన్ని ఆంధ్రకు వెళ్ళినవి. ఆరు దశాబ్దాల తరువాత ఆ గీత పేకకు కూడా గీత అయినది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్, నవంబరులో తమిళనాడు ఆన్‌లైన్ పందాలను నిషేధించినవి. తమిళనాడు నిషేధాన్ని 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు కొట్టివేసినది. అప్పుడు తిరుత్తణిలో చెల్లిన ఆట, రైలు పొన్‌పాడి దాటి ఆంధ్రలో ప్రవేశించగానే చట్టప్రకారం నేరం! బండిలోని మనిషీ అతడే, ఫోనూ అదే, చేతిలోని ముక్కలూ అవే.

అప్పులపాలై ప్రాణాలు తీసుకొన్నవారి వార్తలు తమిళనాట పెరిగినందున, 2022లో జస్టిస్ చంద్రు కమిటీ నివేదిక వచ్చింది. 2023 ఏప్రిల్‌లో కొత్త చట్టం వచ్చింది. ఆ సంవత్సరం నవంబరులో హైకోర్టు చట్టాన్ని నిలుపుతూనే, రమ్మీ, పోకరు నేర్పు ఆటలని వాటిని నిషేధపు పట్టికనుండి తీసివేసినది. కడకు 2025 ఆగస్టులో పార్లమెంటు, నేర్పయినా అదృష్టమైనా ఆన్‌లైన్‌లో డబ్బు పందెం నడుపుట కూడదని చట్టం చేసింది. 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదం లభించింది. దేశంలోని పెద్ద సంస్థలు వెంటనే నగదు పందాలను ఆపివేసినవి.

ఇంత చరిత్రలో తండ్రీకొడుకులిద్దరూ మరచిన ప్రశ్న, తీర్పులోని ఆ రెండవ సగమే: ఇంటివానికి ఎంత? పై లెక్కలో మేము కంపెనీ రుసుము కలుపలేదు. వేయికి నూరు చొప్పున వేసి చూడండి. తొమ్మిదిమంది మిత్రులు నూరు పోటీలు ఆడితే, ఎవరు గెలిచినా ఎవరు ఓడినా, 90,000 రూపాయలు బల్ల మీదనుండి మాయమవుతవి. తలకు పదివేలు! 46ను 36 చేసే నేర్పు ఎదుటివాని మీద పనిచేస్తుంది గాని ఈ రుసుము మీద పనిచేయదు. పైగా తల వెల చిన్న చిన్న గెలుపులను వెంట వెంటనే చూపి, మొత్తం మీది నష్టాన్ని కనబడనీయదు. ఒకని తల తీసినందుకు 250 చేతికి వచ్చినప్పుడు, పెట్టిన 1,100లో ఇంకా 850 రాలేదన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? జీతం మీద బ్రతికే ఇళ్ళలో ఆ గుర్తు లేకపోవుట వల్లనే బడి ఫీజు, ఇంటి అద్దె, చిట్టీ పాట కదిలిపోతవి.

కనుక పిల్లలకు మా మనవి: లెక్క నేర్చినందుకు సంతోషం, కాని రుసుమును కూడా లెక్కలో వేసి, ఆ కాగితం ఇంట్లో చూపండి. పెద్దలకు మా మనవి: "జూదం" అని ఒక్క మాటతో కొట్టివేయక, పిల్లవానిని ఎదుట కూర్చోబెట్టుకొని ఆ కాగితం చదవండి. అప్పు ఉన్నట్లయితే అది బయటపడే దారి అదొక్కటే. ఆట మీద ముచ్చట తీరనివారు పండుగ నాడు చింతగింజలు బిళ్ళలుగా, తలకొక బొబ్బట్టు వెలగా పెట్టి ఆడుకోవచ్చును. అందులో నేర్పు ఏమాత్రం తగ్గదు, ఇంటివానికి రుసుమూ ఉండదు.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.