కళాయి పోయిన కాలంలో మన దేగ్‌లు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్లలోనూ ఒకప్పుడు నిఖా అన్నా, బాబయ్య ఉరుసు అన్నా ముందు రాగి దేగ్ గుర్తొచ్చేది. లోపల తగరం పూత, అదే కళాయి, తప్పనిసరి. చింతపండు దాల్చా వట్టి రాగికి తగిలితే చిలుము పుట్టి వాంతులు పట్టుకునేవి. కళాయివాలా తిత్తి ఊది, గిన్నె కాల్చి, నవాసారం చల్లి, తగరం రాసి దూదితో తిప్పేవాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, క్షణంలో గిన్నె వెండిలా మెరిసేది. పిల్లలం పొగకు దగ్గుతూ కూడా అక్కడినుంచి కదిలేవాళ్లం కాదు.

సత్తు గిన్నెల కథ వేరు. మన అనంతపురం మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1898లో, ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ దొర మద్రాసు ఆర్ట్స్ స్కూలులో అల్యూమినియం పాత్రల పని మొదలుపెట్టారు. చవక, తేలిక, కళాయి బెడద లేదు. మన అమ్మలు, నానీలు సంతోషించారు, తప్పేముంది? కాని సత్తునూ పులుపు తింటుంది. అంచేత దాల్చా రాత్రంతా అందులో ఉంచరాదు.

రాగి దేగ్‌లు చాలామట్టుకు తూకానికి పోయాయి. అమ్ముకున్నవాళ్లలో మేమూ ఉన్నాం. మీ అటకమీద ఒకటి మిగిలివుంటే దించి లోపల చూడండి. ఎర్రరాగి కనబడితే కళాయి వేయించాకే పొయ్యికెక్కించండి.