మొదటి పేజీలో మా ఆడవాళ్లేరీ?

యూనివర్సిటీ లైబ్రరీలో పాత పేపర్ల బైండు ఫైళ్లు తిరగేస్తున్న రోజుల్లో మా అమ్మ అడిగింది: "అండ్ల మనోళ్లుంటరా బిడ్డా?" "ఉంటరమ్మా, సచ్చినప్పుడు" అన్నాను. తర్వాత చూస్తే ఆ జవాబు కూడా సగమే నిజం. వార్తలో మగవాళ్లు 'దళితులు'గా వస్తారు, ఆడవాళ్లు 'మహిళలు'గా వస్తారు. దళిత స్త్రీ ఈ రెండు మాటల మధ్య జారిపోతుంది. ఇది అచ్చుతప్పు కాదు, దీనికో చరిత్ర ఉంది.

కారంచేడునే తీసుకోండి. 1985 జూలై 16న మాదిగల తాగునీటి చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల బకెట్లు కడిగి నీళ్లు పాడుచేస్తుంటే ఒక మాదిగ కుర్రాడు వద్దన్నాడు. అతన్ని కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం పోయి, తన మీదికొచ్చిన వాళ్లకు ఎదురుగా బిందె ఎత్తింది. మర్నాడు భూస్వాములు పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు, స్త్రీలపై అత్యాచారాలు చేశారు. బాధితులు చేరిన చీరాలలోనే దళిత మహాసభ పుట్టింది. అంటే ఆ ఉద్యమానికి మొదట ఒక మాదిగ స్త్రీ ధిక్కారం ఉంది. కానీ ఇలాంటి దాడులకు మన పత్రికల్లో అలవాటైన మాటొకటుంది: 'ఇరువర్గాల ఘర్షణ'. ఈ మాటలో కొట్టినవాడి కులం కనపడదు, చచ్చినవాడి కులం కనపడదు. ఎదురు తిరిగిన స్త్రీ 'వివాదానికి కారణం'గా మిగులుతుంది.

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. పల్లె వార్తకు చోటు పెరిగిన మాట నిజమే. అయితే ఊరికీ వాడకీ ఉన్న ఎడం పేపర్లోకీ వచ్చింది. రాజధాని రాజకీయం మొదటి పేజీకి, వాడ మీద దాడి జిల్లా పేజీకి. పక్క జిల్లావాళ్లకు ఆ వార్త అందే దారి ఇరుకైంది.

ఆ హద్దు దాటిన సందర్భం 1992 నాటి సారా వ్యతిరేక పోరాటం. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న నిప్పు రాష్ట్రమంతా పాకింది. ఈనాడు దానికి ప్రత్యేక పేజీయే కేటాయించింది. రోడ్డెక్కిన వాళ్లలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల కూలీ స్త్రీలు. తమ కూలి డబ్బు మీద కాంట్రాక్టరూ సర్కారు ఖజానా ఎట్లా బతుకుతున్నాయో వాళ్లకు లెక్క తెలుసు. పత్రికల్లో మాత్రం వాళ్లు 'గ్రామీణ మహిళలు' అయ్యారు, 'తెలుగింటి ఆడపడుచులు' అయ్యారు. కులం పోయింది, కూలి పోయింది, తాగుబోతు మొగుడి భార్య మిగిలింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. పోరాడినవాళ్లను కూలీలుగా గుర్తించని పత్రికలు, అప్పుడు వాళ్ల కూలి గురించి ఎందుకడుగుతాయి?

ఇంతకీ వార్త ఎక్కడ వెయ్యాలో నిర్ణయించేదెవరు? 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ఒక్క దళిత విలేకరి కోసం వెదికి, దొరకలేదని రాశాడు. 2006లో ఢిల్లీ కేంద్రంగా ఉన్న 37 మీడియా సంస్థల్లో 315 మంది పెద్ద స్థాయి నిర్ణేతలను సర్వే చేస్తే దళితులు, ఆదివాసీలు ఒక్కరూ లేరు. స్త్రీలు 17 శాతం. వాళ్లలో దళిత స్త్రీ లేదని వేరే చెప్పాలా?

అంబేద్కర్ 1920లోనే 'మూక్‌నాయక్' ఎందుకు పెట్టాడో దీన్నిబట్టి తెలుస్తుంది. 2002లో ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో ఎక్కువగా దళిత స్త్రీలే విలేకరులై 'ఖబర్ లహరియా' నడిపారు. తెలుగులో 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది. మన చరిత్రకు ఇవి కూడా ఆధారాలే.

కాబట్టి విద్యార్థి మిత్రులకో మాట. పాత పేపర్లను సాక్ష్యంగా చూపేముందు మూడు ప్రశ్నలు వెయ్యండి: ఈ వార్తలో ఎవరికి పేరుంది? ఎవరికి కులముంది? ఎవరికి రెండూ లేవు? ఆ మూడోవాళ్ల దగ్గరికి నడిచి వెళ్లండి. వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు, అడిగితే చెప్తారు.