భారతదేశంలో ఆపత్కాల నాయకత్వ కొనసాగింపు

యుద్ధం, ఉగ్రదాడి, ప్రమాదం వంటి ఉపద్రవంలో దేశాన్ని నడిపేవారు ఒక్కసారిగా లేకుండా పోతే అధికారం ఎవరి చేతికి వెళ్లాలో ముందే తేల్చి ఉంచడాన్ని నాయకత్వ కొనసాగింపు ప్రణాళిక అంటారు. అమెరికాలో 1947 నాటి చట్టం ఉపాధ్యక్షుడి తర్వాత స్పీకర్, సెనేట్ తాత్కాలికాధ్యక్షుడు, మంత్రులు ఏ వరుసలో రావాలో చెబుతుంది. ఉభయసభల్లో అధ్యక్షుడి ప్రసంగం ఉన్న రోజు ఒక మంత్రిని సభకు రానివ్వకుండా వేరేచోట భద్రంగా ఉంచుతారు. భారతదేశంలో మాత్రం రాష్ట్రపతి పదవికి చట్టం రక్షణగా ఉంటే, ప్రధాని పదవి ఆనవాయితీ మీద నడుస్తోంది.

రాజ్యాంగం 65వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి పదవి ఖాళీ అయితే ఉపరాష్ట్రపతి ఆ బాధ్యత చూస్తారు. ఆయన కూడా లేకపోతే? ఈ ప్రశ్న 1969లో నిజంగానే ఎదురైంది. ఆ ఏడాది మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. మే 28న వచ్చిన చట్టం, రెండు పదవులూ ఖాళీ అయితే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆయనా లేకపోతే అందుబాటులో ఉన్న అత్యంత సీనియర్ న్యాయమూర్తి రాష్ట్రపతి విధులు నిర్వర్తించాలని చెప్పింది. రెండు నెలలు తిరక్కుండానే దాని అవసరం పడింది. జులై 19న బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్‌పై సంతకం చేసిన గిరి, రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేసేందుకు మరునాడే రాజీనామా చేశారు. ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఆగస్టు 24 వరకు తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్నారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఢిల్లీ వచ్చినప్పుడు స్వాగతం పలికింది ఆయనే. హిదయతుల్లా 1982లో, ఈసారి ఉపరాష్ట్రపతి హోదాలో, మరోసారి ఆ బాధ్యత చూశారు.

అసలు పాలనాధికారం ఉన్న ప్రధాని పదవికి ఇలాంటి వరుస ఏదీ రాసి లేదు. ప్రధాని మరణిస్తే మంత్రిమండలి కూడా రద్దయినట్టే. రాష్ట్రపతి వెంటనే మరొకరిని నియమించాలి. 1964 మే 27న నెహ్రూ మరణించినప్పుడు, 1966 జనవరి 11న తాష్కెంట్‌లో లాల్ బహదూర్ శాస్త్రి మరణించినప్పుడు గుల్జారీలాల్ నందా గంటల వ్యవధిలో ఆపద్ధర్మ ప్రధానిగా ప్రమాణం చేశారు. రెండుసార్లూ ఆయన ఆ పదవిలో ఉన్నది 13 రోజులే. 1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీ హత్య జరిగేనాటికి రాష్ట్రపతి జైల్ సింగ్ యెమెన్ పర్యటనలో, రాజీవ్ గాంధీ పశ్చిమ బెంగాల్‌లో ఉన్నారు. ఇద్దరూ ఢిల్లీ చేరుకున్నాక, ఆ సాయంత్రమే రాజీవ్ ప్రమాణం చేశారు. ఆపద్ధర్మ ప్రధానిని నియమించే ఆనవాయితీని ఈసారి పక్కన పెట్టారు. ఉప ప్రధాని అనే మాట రాజ్యాంగంలో లేదు కాబట్టి ఆ హోదా ఉన్నవారికి వారసత్వ హక్కు కూడా లేదు.

రాష్ట్రాల్లోనూ ఇదే తీరు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో ఆచూకీ లేకుండా పోయింది. మరునాడు పావురాలగుట్టపై శకలాలు దొరికే వరకు ఆయన ఉన్నారో లేరో తెలియలేదు. మరణం నిర్ధారణ అయ్యాక అదే రోజు కొణిజేటి రోశయ్య ప్రమాణం చేశారు. మరణించినవారి స్థానంలో మరొకరిని నియమించవచ్చు. ఆచూకీ తెలియని నాయకుడి విషయంలో ఏం చేయాలో రాజ్యాంగం చెప్పలేదు. ఈ అంశంలో ఇదే అతి పెద్ద లోటు.

అణ్వాయుధాల విషయంలో మాత్రం జాగ్రత్త కనిపిస్తుంది. 2003 జనవరి 4న భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం, అణుదాడికి ప్రతిదాడి చేయాల్సి వస్తే ఏ పరిస్థితిలోనైనా పనిచేసే ప్రత్యామ్నాయ ఆదేశ శ్రేణులకు ఆమోదం తెలిపినట్టు ప్రకటించింది. వాటి వివరాలు రహస్యం.

పార్లమెంటు వైపు చూస్తే, సభ్యుల్లో పదో వంతు ఉంటే సభ నడుస్తుంది. ఖాళీ అయిన స్థానాలకు ఆరు నెలల్లోగా ఉప ఎన్నికలు జరపాలి. ఒకేసారి వందల స్థానాలు ఖాళీ అయితే వేగంగా నింపే మార్గం లేదు. స్పీకర్ లేనప్పుడు బాధ్యత చూడాల్సిన ఉపసభాపతిని 17వ లోక్‌సభ (2019–24) తన కాలమంతా ఎన్నుకోనే లేదు. రాజ్యాంగం ఏర్పాటు చేసిన రక్షణను వాడకుండా వదిలేయడం తప్పు.

జాకీర్ హుస్సేన్ మరణించిన 25 రోజులకే 1969 చట్టం వచ్చింది. ప్రధాని, ముఖ్యమంత్రి పదవులకు అలాంటి ఏర్పాటును, రాజ్యాంగ సవరణతోనైనా సరే, మరో ఉపద్రవం రాకముందే పార్లమెంటు చేయాలి.