సగటు చెప్పని సంగతి

మన ఒంగోలుకు పడమట ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల ప్రజలకు గారపళ్లు, బిగుసుకుపోయే కీళ్లు కొత్త కావు. తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల కలిగే ఈ వ్యాధిని అప్పటి నెల్లూరు జిల్లాలో పరిశీలించి, షార్ట్, ఆయన సహచరులు 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రకటించారు. ఆనాడు ఈ తాలూకాలు ఆ జిల్లాలోనివే. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరాయి. ఇటువంటి నీటి లెక్కలను సరిగ్గా చదవడానికి పనికివచ్చే కొలత ఒకటి అంతకు నలభై ఏళ్ల ముందే, వేరొక వివాదం నడుమ రూపుదిద్దుకుంది.

1894లో హేవ్‌లాక్ ఎల్లిస్ తన ‘మ్యాన్ అండ్ ఉమన్’ గ్రంథంలో స్త్రీలకన్నా పురుషుల్లో వైవిధ్యం ఎక్కువని వాదించాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆచార్యుడు కార్ల్ పియర్సన్ ఆ మాటను అంకెలతో పరీక్షించాడు. విలువలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో ప్రామాణిక విచలనం చెబుతుంది. అయితే ఒంగోలు గిత్తల బరువుల్లోని తేడాను మేకల బరువుల్లోని తేడాతో నేరుగా పోల్చగలమా? సగటు పెద్దదైనచోట విచలనమూ పెద్దదిగానే కనిపిస్తుంది. అందుకే విచలనాన్ని సగటుతో భాగించి నూరుతో హెచ్చవేయాలన్నాడు పియర్సన్. 1896లో ఆయన ‘కోఎఫీషియంట్ ఆఫ్ వేరియేషన్’ అని పిలిచిన ఈ కొలతే మన విచలనాంకం. 1897లో ప్రచురించిన వ్యాసంలో దానితోనే లెక్కగట్టి, పురుషుల్లో వైవిధ్యం ఎక్కువనడానికి ఆధారం లేదని తేల్చాడు.

ఇప్పుడు రెండు పల్లెలను ఊహించుకోండి. మొదటి ఊరి బావుల్లో ఫ్లోరైడ్ సగటు లీటరుకు 1 మిల్లీగ్రాము, విచలనం 0.5. రెండో ఊళ్లో సగటు 4, విచలనం 0.8. విచలనం ఒక్కటే చూస్తే రెండో ఊళ్లోనే తేడాలు ఎక్కువ. విచలనాంకం చూస్తే మొదటి ఊరికి 50 శాతం, రెండో ఊరికి 20 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 1.5 మిల్లీగ్రాములు. రెండో ఊళ్లో దాదాపు ప్రతి బావీ దానిని మించుతుంది. బయటినుంచి మంచినీరు తేవలసిందే. మొదటి ఊరి సగటు పరిమితి లోపలే ఉన్నా, కొన్ని బావులు దానిని దాటి ఉండవచ్చు. అక్కడ ప్రతి బావినీ విడివిడిగా పరీక్షించాలి.

ఒక హెచ్చరిక. సున్నా అంటే నిజంగా ఏమీ లేకపోవడం అయిన కొలతలకే విచలనాంకం వర్తిస్తుంది. అవే జ్వరాలను సెల్సియస్‌లో లెక్కిస్తే ఒక విచలనాంకం, ఫారన్‌హీట్‌లో లెక్కిస్తే మరొకటి వస్తుంది. అది అర్థంలేని పోలిక.

కనుక పాఠకులారా, మీ ఊరి నీటి నివేదికలో సగటు బాగుందని ఊరుకోకండి. మీ పిల్లలు తాగేది సగటు నీరు కాదు, మీ బావి నీరు. దాని అంకె ఎంతో అడిగి తెలుసుకోండి.