తిరుమల శిలాతోరణము

తిరుమలలో శ్రీవేంకటేశ్వరుని ఆలయమునకు ఉత్తరముగా సుమారు ఒక కిలోమీటరు దూరమున, చక్రతీర్థమునకు పోవు దారి ప్రక్కనే, ఉలి సోకని రెండు శిలాసమూహములు నడుమ ఒక సన్నని రాతిబంధముచే కలిసికొని విల్లువలె వంగి నిలిచిన సహజరూపమునకు శిలాతోరణమని పేరు. వెడల్పు సుమారు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. స్వామి మొదటి అడుగు శ్రీపాదములను చోట, రెండవది ఇచ్చట, మూడవది ఆలయస్థానమున మోపెనని భక్తుల విశ్వాసము.

దీని పుట్టుక తెలియగోరువారు ముందుగా ఘాటురోడ్డు ప్రక్కనున్న కొండచరియను చూడవలెను. అడుగున పొరలెరుగని గ్రానైటు ఒక్క ముద్దగా నుండగా, దానిపై అట్టు మీద అట్టు పేర్చినట్లు క్వార్ట్‌జైటు పొరలు పరచుకొని యుండును. ఈ రెంటికి నడుమనున్న గీత యొక్క మందము కంటికి ఆననంతటిదే గాని, అందులో సుమారు 80 కోట్ల యేండ్ల కాలము లుప్తమైనదని భూవైజ్ఞానికులు గణించిరి. అంతకాలము గ్రానైటు ఎండవానలకు అరిగి చదునుకాగా, పిమ్మట దానిని ముంచిన కడప సముద్రమను ప్రాచీన సముద్రము తెచ్చి పోసిన ఇసుక గట్టిపడి, సుమారు 160 కోట్ల యేండ్ల నాటి ఈ నగరి క్వార్ట్‌జైటు ఏర్పడినది. ఆ గీత సూచించు శిలావిచ్ఛేదమునే ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ యందురు.

ఈ క్వార్ట్‌జైటు చెందిన కడప శిలావ్యవస్థను, కర్నూలు శిలావ్యవస్థను గూర్చి భూవైజ్ఞానికుడు విలియం కింగ్ రచించిన బృహద్గ్రంథము 1872లో వెలువడెను. 1944లో మొదటి ఘాటురోడ్డు తెరువబడుటతో ఈ కొండల చరియ బండ్లలో పోవువారికి సైతము కంటి ముందునకు వచ్చినది. 1980వ దశకమున భూవైజ్ఞానికులు ఈ శిలావిచ్ఛేదమునే పరిశోధించుచుండగా తోరణము శాస్త్రలోకము దృష్టికి వచ్చెను. నేడిది జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా పరిరక్షింపబడుచున్నది.

ప్రపంచమున ఇట్టి తోరణములు మూడే కలవను మాట తరచు వినబడును. అది నిలువదు; అమెరికా యందలి యూటాలో ఒక్క ఉద్యానవనముననే 2000కు పైగా కలవు. అయితే అవి ఇసుకరాతివి. అంతకంటె ఎంతో కఠినమగు క్వార్ట్‌జైటును గాలివానలు పగుళ్ల వెంబడి యుగములతరబడి తొలిచి, మెత్తని భాగమును కొనిపోయి, గట్టిదానిని మాత్రమే మిగిల్చిన తీరే దీని విశేషమని చెప్పదగును.

ఈ నగరి క్వార్ట్‌జైటు పలకలపై అక్కడక్కడ, చెరువు గట్టున నీరు తీసిన ఇసుకపై కనబడునట్టి అలల చారలే నేటికిని స్పష్టముగా నున్నవి. వేలితో తడిమినచో ఒక్కొక్క మిట్టయు పల్లమును చేతికి తెలియును.