సోలార్ ప్యానెల్‌లో విషం ఉందా? మన్యం ఇళ్లలో ప్యానెల్ కంటే ముందు చూడాల్సింది దాని కింద ఉన్న బ్యాటరీని!

సోలార్ ప్యానెల్ మీద పడ్డ వాన నీళ్లు తాగితే ప్రమాదమని, వాటిలో సీసం, కాడ్మియం కారుతుందని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. అందులో నిజం కొంచెమే. అసలు ప్రమాదం మాత్రం వేరే చోట ఉంది.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఈ విషయం తెలుసుకోవడం చాలా అవసరం. కరెంటు లైన్ లాగడం కష్టమైన కొండ ఊళ్లకు సోలారే దారి. 2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో కరెంటు లేని ఆదిమ గిరిజనుల ఇళ్లకు సోలార్ ఇవ్వడం కూడా ఒక భాగం. మన దగ్గర గదబ, పోర్జ, ఖోండు తెగల్లోని కొన్ని వర్గాలు, కొండరెడ్లు ఈ జాబితాలో ఉన్నారు.

ఇంతకీ ప్యానెల్‌లో ఏముంటుంది? మామూలు సిలికాన్ ప్యానెల్ బరువులో దాదాపు మూడొంతులు గాజే. చుట్టూ అల్యూమినియం ఫ్రేమ్, లోపల రాగి పట్టీలు, సెల్స్ మీద సన్నని వెండి గీతలు. (ఆ అల్యూమినియం వచ్చేది బాక్సైట్ నుంచి.. అరకు గాలికొండ, చింతపల్లి కొండల్లో ఉన్నదీ, దానికోసం ఏళ్ల తరబడి గొడవలు నడిచిందీ ఆ ఖనిజమే!) వీటిలో భయపడాల్సినవి తక్కువ. తేడా వచ్చేది సీసంతోనే. రాగి పట్టీలను సెల్స్‌కు అతికించే టంకంలో తగరంతో పాటు సీసం కలుపుతారు. ఒక ప్యానెల్ మొత్తంలో అది కొన్ని గ్రాములే. అది కూడా గాజుకు, ప్లాస్టిక్ పొరలకు మధ్య సీల్ అయి ఉంటుంది. ప్యానెల్ పగలకుండా ఉన్నంత కాలం వాన నీళ్లకు అది తగలదు.

ఇక కాడ్మియం ఉండేది కాడ్మియం టెల్యూరైడ్ రకం ప్యానెళ్లలో. ఇళ్ల మీద మనం మామూలుగా చూసేవి అవి కావు, సిలికాన్‌వే.

మరి పగిలితే? ల్యాబుల్లో ప్యానెల్‌ను సెంటీమీటర్ కంటే చిన్న ముక్కలు చేసి, కొద్దిగా ఆమ్లం ఉన్న ద్రవంలో కలిపి, ఎంత సీసం బయటికొస్తుందో చూస్తారు. అమెరికా లెక్క ప్రకారం లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే అది ప్రమాదకర వ్యర్థం. కొన్ని సిలికాన్ ప్యానెళ్లు ఈ పరీక్షలో ఫెయిల్ అయ్యాయి. అంటే పగిలిన ముక్కల్ని గెడ్డ పక్కనో, ఊట దగ్గరో పడేయకూడదన్నమాట. కాల్చడం ఇంకా తప్పు. వెనక ఉండే ప్లాస్టిక్ షీట్‌లో చాలా రకాలకు ఫ్లోరిన్ ఉంటుంది, దాని పొగ ఊపిరితిత్తులకు హానికరం. ఇంకో మాట.. పగిలిన ప్యానెల్‌లో కూడా ఎండ ఉన్నంత సేపు కరెంటు పుడుతూనే ఉంటుంది. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. గ్రిడ్ లేని చోట రాత్రి లైటు వెలగాలంటే బ్యాటరీ కావాలి. డిస్టిల్డ్ వాటర్ పోసే బరువైన పాత రకం బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. ప్యానెల్‌లో గ్రాములైతే ఇక్కడ కిలోలు! కొత్తగా వస్తున్న లిథియం బ్యాటరీల్లో సీసం ఉండదు. పాత బ్యాటరీని పగలగొట్టి, యాసిడ్ పారబోసి, సీసం కరిగిస్తే ఆ ధూళి పిల్లల చేతులకు, నోటికి చేరుతుంది. మింగిన సీసాన్ని పెద్దల కంటే పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని, ఇంతవరకైతే ఫర్వాలేదనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దెబ్బ తినేది మెదడు, చదువు.

దీనికి చట్టం లేకపోలేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో సోలార్ ప్యానెళ్లను చేర్చారు. 2034-35 వరకు వచ్చే ప్యానెల్ వ్యర్థాలను భద్రంగా నిల్వ చేయాల్సిన బాధ్యత తయారీ కంపెనీలదే. బ్యాటరీలకు 2022లోనే వేరే నిబంధనలు వచ్చాయి, వాటిని వెనక్కి తీసుకోవాల్సిందీ కంపెనీలే. కానీ కొండ మీది ఊరికి కంపెనీ మనిషి కంటే పాత సామాన్లు కొనేవాళ్లే ముందు వస్తారు. వాళ్లకు కావాల్సింది అల్యూమినియం, రాగి, సీసం. మిగిలిన గాజు ముక్కలు ఊళ్లోనే ఉండిపోతాయి.

మీ ఇంటి ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబర్ ఉంటాయి. ఎండకు అది వెలిసిపోకముందే ఒక ఫొటో తీసి పెట్టుకోండి. పాడైన రోజు ఎవరిని అడగాలో చెప్పేది అదే.